మత్తు ఇచ్చే ముందు కడుపులో ఏముందో అల్ట్రాసౌండ్‌తో చూసుకోవడం ఎలా

మత్తు ఎక్కగానే దగ్గు, గొంతు మూసుకోవడం లాంటి రక్షణలన్నీ పనిచేయడం మానేస్తాయి. ఆ సమయంలో కడుపులో ఉన్నది పైకి వస్తే ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది. ఇదే ఆస్పిరేషన్. న్యూయార్క్‌లో కర్టిస్ మెండెల్సన్ 44,016 కాన్పుల రికార్డులు తిరగేసి, 66 మందికి ఇలా జరిగిందని 1946లో ప్రచురించారు. ఆపరేషన్‌కు ముందు పరగడుపున ఉండాలన్న నియమం గట్టిపడటానికి ఆ పేపర్ ఒక పెద్ద కారణం. ఆ తర్వాత మందులు, ట్యూబులు, మానిటర్లు అన్నీ మారాయి. అయినా 2011లో వచ్చిన బ్రిటన్ నాలుగో జాతీయ ఆడిట్ నివేదిక చూస్తే, మత్తు సమయంలో శ్వాసమార్గం ఇబ్బందుల వల్ల జరిగిన మరణాల్లో ఆస్పిరేషనే మొదటి కారణంగా నిలిచింది.

పరగడుపు లెక్క అందరికీ తెలిసిందే. నీళ్లు, కొబ్బరినీళ్లు, పాలు లేని టీ లాంటి తేట ద్రవాలకు 2 గంటలు, తల్లిపాలకు 4, పాలు, డబ్బాపాలు, తేలికపాటి టిఫిన్‌కు 6, నూనె, మాంసం ఉన్న భోజనానికి 8 లేదా అంతకన్నా ఎక్కువ. ఈ గంటలు ఆరోగ్యంగా ఉన్న మనిషి కడుపును బట్టి పెట్టినవి. పదిహేనేళ్లుగా షుగర్ ఉన్నవాళ్లకూ, తొడ ఎముక విరిగి నొప్పితో పడి ఉన్నవాళ్లకూ, షుగర్‌కో బరువు తగ్గడానికో వారానికోసారి సెమాగ్లుటైడ్ ఇంజక్షన్ తీసుకునేవాళ్లకూ అదే గడియారం పనిచేస్తుందని నమ్మడానికి లేదు. పైగా మనం అడిగే తీరులోనూ లోపం ఉంటుంది. ‘పొద్దున అన్నం తిన్నారా?’ అంటే ‘లేదండీ’ అనే జవాబు వస్తుంది, తిన్నవి రెండు ఇడ్లీలు కాబట్టి. టీ, మజ్జిగ, రాగిజావ, గుడి ప్రసాదం, మాత్రతో పాటు మింగిన అరటిపండు, ఇలా ఒక్కో పేరూ చెప్పి అడగాలి. అప్పటికీ అనుమానం తీరకపోతే ప్రోబ్ (పొట్ట మీద ఆనించే అల్ట్రాసౌండ్ పరికరం) తీయాలి.

ఎవరికి చేయాలి, ఎవరికి వద్దు

ఈ స్కాన్ అందరికీ చేసేది కాదు. జవాబు ఎటు వచ్చినా మీరు చేసేది మారకపోతే చేయడం దండగ. పేగు పూర్తిగా అడ్డుపడి పొట్ట ఉబ్బి వాంతులవుతున్న పేషెంట్‌కు కడుపు నిండుగా ఉందని స్కాన్ చెప్పనక్కర్లేదు. అలాగే రాత్రి నుంచి ఏమీ తినని పాతికేళ్ల ఆరోగ్యవంతుడికి హెర్నియా ఆపరేషన్ అయితే స్కాన్ వల్ల ఒరిగేదేమీ లేదు. పనికొచ్చేది మధ్యలో ఉన్నవాళ్లకు: ఎప్పుడు తిన్నారో సరిగ్గా చెప్పలేనివాళ్లు, పసిపిల్లలు, మతిస్థిమితం లేనివాళ్లు, భాష తెలియనివాళ్లు; గంటలు పూర్తయినా కడుపు మెల్లగా ఖాళీ అయ్యే షుగర్, కిడ్నీ, పార్కిన్సన్స్ పేషెంట్లు; దెబ్బలు తగిలి నొప్పి, ట్రమడాల్, మార్ఫిన్‌తో ఉన్నవాళ్లు; సెమాగ్లుటైడ్ లాంటి జీఎల్‌పీ-1 మందులు వాడేవాళ్లు. దెబ్బలు తగిలినవాళ్ల విషయంలో తినడానికీ ఆపరేషన్‌కూ మధ్య ఎన్ని గంటలన్నది కాకుండా, తినడానికీ దెబ్బకూ మధ్య ఎంతసేపన్నది అడగండి. దెబ్బ తగిలాక కడుపు దాదాపు ఆగిపోయినట్టే.

మెషీన్, ప్రోబ్, సెట్టింగులు

పెద్దవాళ్లకు 2–5 మెగాహెర్ట్జ్ కర్విలీనియర్ ప్రోబ్, అంటే పొట్ట స్కాన్‌కు వాడే వంపు ప్రోబే. 40 కిలోల లోపు పిల్లలకు 5–12 మెగాహెర్ట్జ్ లీనియర్ ప్రోబ్ సరిపోతుంది. ప్రీసెట్ అబ్డామెన్. డెప్త్ మామూలు ఒంటికి 10–12 సెంటీమీటర్లతో మొదలుపెట్టి, యాంట్రం (కడుపు చివరి భాగం) దొరికాక తగ్గించుకోండి. స్థూలకాయులకు మొదటే 15 దాకా పెట్టాలి. గెయిన్ (బొమ్మ వెలుతురు) ఎక్కువైతే తేట ద్రవం కూడా మురికిగా కనిపించి ఘనాహారమేమో అనిపిస్తుంది. పక్కనే ఉన్న ఐవీసీ (గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర) లోపలి భాగం నల్లగా కనిపించేదాకా గెయిన్ తగ్గించండి. తేట ద్రవం రంగు పోల్చుకోవడానికి అంతకంటే మంచి కొలమానం తెరమీద దొరకదు.

యాంట్రం పట్టుకోవడం

కడుపులో మనం చూసేది యాంట్రం, అంటే పైలోరస్‌కు (కడుపు నుంచి పేగులోకి తెరుచుకునే ద్వారానికి) ముందుండే చివరి భాగం. దాన్నే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. ఫండస్‌లో, అంటే కడుపు పైభాగంలో, ఎప్పుడూ గాలి ఉంటుంది, గాలి వెనక ఏమీ కనిపించదు. యాంట్రం మాత్రం చర్మానికి దగ్గరగా, కాలేయం ఎడమ లోబ్ కింద, దాదాపు ప్రతి ఒక్కరిలో ఒకే చోట దొరుకుతుంది. పేషెంట్‌ను కుడి పక్కకు తిప్పితే కడుపులోని ద్రవం, ఆహారం బరువుకు అక్కడికే జారతాయి.

మొదట వెల్లకిలా. ప్రోబ్ మార్కర్ తల వైపు ఉంచి, ఛాతీ ఎముక కొస కింద, మధ్యగీత మీద నిలువుగా పెట్టండి. తెర ఎడమ వైపు తల, కుడి వైపు కాళ్లు. అక్కడి నుంచి ఎడమ పక్కటెముకల అంచు నుంచి కుడి అంచు దాకా మెల్లగా జరపండి. ఎడమవైపున కడుపు పెద్దగా, గాలితో, ఆకారం లేకుండా కనిపిస్తుంది. మధ్యకు వచ్చేకొద్దీ అది ముడుచుకుంటూ చిన్న గుండ్రటి లేదా కోడిగుడ్డు ఆకారం అవుతుంది. అదే యాంట్రం.

సరైన చోటు అని నిర్ధారించుకోవడానికి మూడు గుర్తులు ఒకే ఫ్రేమ్‌లో ఉండాలి. ముందు, తల వైపు కాలేయం ఎడమ లోబ్ అంచు. వెనక పాంక్రియాస్. ఇంకా లోతున వెన్నెముకకు ఆనుకుని కొట్టుకుంటున్న అయోర్టా (పెద్ద ధమని). అయోర్టాకు బదులు శ్వాసతో నలిగే ఐవీసీ కనిపిస్తే మీరు కుడికి ఎక్కువ జరిగారని, పైలోరస్ దగ్గరికి వచ్చేశారని అర్థం. అక్కడ కొలిస్తే విలువ తక్కువ వస్తుంది. ఎడమకు ఎక్కువ జరిగి బాడీ (కడుపు మధ్య భాగం) కొలిస్తే ఎక్కువ వస్తుంది. కింద ఇచ్చే ఫార్ములా అయోర్టా స్థాయిలో తీసిన కొలతకే వర్తిస్తుంది.

దొరికాక ప్రోబ్‌ను సవ్య, అపసవ్య దిశల్లో కొద్దికొద్దిగా తిప్పి, గుండ్రం అన్నిటికన్నా చిన్నగా కనిపించే కోణం దగ్గర ఆపండి. ఏటవాలుగా కోస్తే గొట్టం ఎప్పుడూ పెద్దదిగానే కనిపిస్తుంది. బాగా కనిపిస్తే గోడలో ఐదు పొరలు లెక్కపెట్టవచ్చు, తెలుపు, నలుపు మార్చిమార్చి. వంపు ప్రోబ్‌తో అన్నీ కనిపించకపోయినా మందంగా ఉండే నల్లటి కండర పొర తప్పక కనిపించాలి. అది కనిపించకపోతే మీరు చూస్తున్నది యాంట్రం కాకపోవచ్చు. ట్రాన్స్‌వర్స్ కోలన్‌కు అంత కండ ఉండదు, గాలి నీడ ఉంటుంది, ఎడమకు జరిపితే అది కడుపు బాడీలో కలవదు. గాల్‌బ్లాడర్ గోడ పలచన, కదలిక ఉండదు.

ఇప్పుడు కుడి పక్కకు. కుడి భుజం, కుడి తుంటి పరుపుకు ఆని ఉండాలి, మోకాళ్లు కొద్దిగా ముడిస్తే పొట్ట వదులవుతుంది. రెండు మూడు నిమిషాలు ఆగి, మళ్లీ అదే చోట చూడండి. గాలి పైకి, ఫండస్ వైపు పోతుంది. ద్రవం కిందికి, ప్రోబ్ దగ్గరికి వస్తుంది. వెల్లకిలా ఖాళీగా కనిపించిన యాంట్రం కుడి పక్కన నిండి కనిపించడం రోజూ చూసే సంగతే. అందుకే వెల్లకిలా ఒక్కటే చూసి ‘ఖాళీ’ అని రాయడం ఎవరూ చేయకూడని పని. తుంటి విరిగి పక్కకు తిరగలేని పేషెంట్‌ను 45 డిగ్రీలు లేపి కూర్చోబెట్టి చూడండి. అది కుడి పక్క అంత బాగా పనిచేయదు కానీ వెల్లకిలా కన్నా నయం. అలా చూసినప్పుడు ‘ఖాళీ’ అని కాక ‘45 డిగ్రీల్లో ద్రవం కనిపించలేదు’ అని రాయడం నిజాయితీ.

తెర మీద కనిపించేవి

ఖాళీ యాంట్రం చిన్నదిగా, గోడలు మందంగా, ముందు గోడ వెనక గోడ కలిసిపోయినట్టు ఉంటుంది. గుండ్రంగా ఉంటే విల్లు పోటీలో పెట్టే గురి బోర్డులా మధ్యలో ఒక తెల్లటి చుక్క.

తేట ద్రవం ఉంటే గుండ్రం పెరుగుతుంది, గోడ పలచబడుతుంది, లోపల నల్లగా ఉంటుంది. సోడా, కూల్‌డ్రింక్, లేదా అప్పుడే తాగిన నీళ్లైతే నలుపులో తెల్లటి గాలి బుడగలు మెరుస్తూ తిరుగుతాయి. కొద్ది నిమిషాల్లో అవి సద్దుమణుగుతాయి. పాలు, మజ్జిగ, జావ అంతటా ఒకే రకంగా బూడిద రంగులో కనిపిస్తాయి. ఇవి తేట ద్రవాలు కావు. కొలత చిన్నదైనా వీటిని ఘనాహారంతో సమానంగానే చూడాలి.

ఘనాహారం రెండు రూపాల్లో ఉంటుంది. తిన్న గంటా గంటన్నరలో, నమిలేటప్పుడు కలిసిన గాలి వల్ల యాంట్రం ముందు గోడ వెంట ఒక తెల్లటి గీత, దాని కింద మసక గాజు పలకలా పొగమంచు నీడ. వెనక గోడ, పాంక్రియాస్, అయోర్టా ఏవీ కనిపించవు. కొత్తగా చేసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బొమ్మ సరిగా రాలేదనుకుని జెల్ పోస్తూ, గెయిన్ పెంచుతూ ఉంటారు. కాలేయం స్పష్టంగా కనిపిస్తూ దాని కింద మాత్రమే మసకగా ఉంటే అది మెషీన్ తప్పు కాదు, కడుపులో టిఫిన్ ఉందని అర్థం. తర్వాతి దశలో గాలి పోయి, తెలుపు నలుపు ముద్దలు కలగలిసి, కడుపు కదిలినప్పుడు గిర్రున తిరుగుతూ కనిపిస్తాయి. అప్పుడు వెనక గోడ మళ్లీ కనిపిస్తుంది. పైభాగంలో రక్తస్రావమై కడుపులో గడ్డకట్టిన నెత్తురు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. నల్లటి విరేచనాలు అవుతున్నాయేమో అడగండి.

ఘనాహారం, పాలు కనిపిస్తే అక్కడితో స్కాన్ ముగిసింది. కొలత అక్కర్లేదు, ఎంత ఉన్నా అది నిండు కడుపే.

గ్రేడు, కొలత

తేట ద్రవం అయితే ముందు గ్రేడు వేయండి. ఇది టొరంటోలో అనాహి పెర్లాస్ బృందం వాడుకలోకి తెచ్చిన పద్ధతి. రెండు భంగిమల్లోనూ ఖాళీ అయితే గ్రేడ్ 0. కుడి పక్కన మాత్రమే ద్రవం కనిపిస్తే గ్రేడ్ 1. రెండింటిలోనూ కనిపిస్తే గ్రేడ్ 2. గ్రేడ్ 1లో చాలామందికి ఉండేది పరగడుపున ఊరే మామూలు జఠరరసమే. గ్రేడ్ 2 అయితే ద్రవం కిలో బరువుకు 1.5 మి.లీ. (నిండు కడుపు అనడానికి గీత) దాటి ఉండే అవకాశం ఎక్కువ. థియేటర్‌లో తొందర ఉంటే గ్రేడ్‌తోనే నిర్ణయం తీసుకోవచ్చు.

సరిహద్దులో ఉన్నవాళ్లకు, రికార్డు కోసం కొలత తీయాల్సివస్తే కుడి పక్కనే తీయాలి. కడుపు ముడుచుకుని వదులయ్యే అలలు నిమిషానికి దాదాపు మూడు వస్తాయి. రెండు అలల మధ్య, యాంట్రం పూర్తిగా వదులైనప్పుడు ఫ్రీజ్ నొక్కండి. ముడుచుకున్న క్షణంలో కొలిస్తే సగం కూడా రాదు. ముందు-వెనక వ్యాసం, తల-కాళ్ల వైపు వ్యాసం, రెండూ బయటి పొర నుంచి బయటి పొరకు. వాటిని గుణించి 0.785తో మళ్లీ గుణిస్తే వైశాల్యం వస్తుంది. మెషీన్‌లో ట్రేస్ బటన్ ఉంటే బయటి పొర వెంట గీత గీసినా చాలు, విలువ దాదాపు అంతే వస్తుంది. మూడుసార్లు తీసి సగటు వేయండి.

పెర్లాస్ ఫార్ములా ఇది:

ద్రవం మి.లీ.లలో = 27 + 14.6 × వైశాల్యం చదరపు సెం.మీ.లలో − 1.28 × వయసు ఏళ్లలో

58 ఏళ్లు, 62 కిలోల షుగర్ పేషెంట్ అనుకోండి. వ్యాసాలు 2.1, 3.4 సెం.మీ. వైశాల్యం 5.6. ద్రవం 27 + 81.8 − 74.2, అంటే సుమారు 35 మి.లీ. కిలోకు 0.56. భయం లేదు. అదే మనిషికి వ్యాసాలు 3.2, 4.8 వస్తే వైశాల్యం 12.06, ద్రవం 129 మి.లీ., కిలోకు 2.1. ఇది నిండు కడుపు.

ఇప్పుడు ఇదే రెండో కొలతలో, గోడను వదిలేసి లోపలి నలుపును మాత్రమే కొలిచారనుకోండి. గోడ మందం 3 మి.మీ. అయితే ప్రతి వ్యాసంలో 6 మి.మీ. తగ్గి 2.6, 4.2 అవుతాయి. వైశాల్యం 8.6, ద్రవం 78 మి.లీ., కిలోకు 1.26. ఒక్క కాలిపర్ (కొలిచే గుర్తు) తప్పుతో నిండు కడుపు సురక్షితమైపోయింది. ఈ పొరపాటు తెర మీద తప్పులా అనిపించదు, అదే ప్రమాదం.

వృద్ధుల్లో ఒక్కోసారి జవాబు మైనస్ వస్తుంది. 75 ఏళ్ల మనిషికి వైశాల్యం 4 అయితే 27 + 58.4 − 96 = మైనస్ 10.6. కంగారు పడనక్కర్లేదు. ఆ వయసులో గోడలు వదులై ఖాళీ యాంట్రమే పెద్దగా ఉంటుంది కాబట్టి ఫార్ములా వయసును తీసేస్తుంది. దాన్ని సున్నా కిందే లెక్కేయండి.

ప్రతిసారీ లెక్క వేసే బదులు, 1.5 మి.లీ. గీతను ముందే వైశాల్యంలోకి మార్చి గోడకు అంటించుకుంటే పని సులువు. 60 కిలోల మనిషికి 25 ఏళ్లైతే 6.5, 40 ఏళ్లైతే 7.8, 65 ఏళ్లైతే 10 చదరపు సెం.మీ. అంటే 8 అన్న కొలత పాతికేళ్ల కుర్రాడిలో నిండు కడుపు, అరవై అయిదేళ్ల పెద్దాయనలో పరగడుపు.

ఈ ఫార్ములాకు హద్దులున్నాయి. గర్భం లేని పెద్దవాళ్లు, బీఎంఐ 40 దాకా, ద్రవం 500 మి.లీ. దాకా మాత్రమే. ఇక కిలోకు 1.5 అన్నది కూడా గోడ కట్టినట్టు గీసిన గీత కాదు. పరగడుపున ఉన్న ఆరోగ్యవంతుల్లో ఆ మేరకు రసం ఉండటం మామూలే అన్న పరిశీలన నుంచి వచ్చింది. 1.4 వచ్చినంత మాత్రాన నిశ్చింత, 1.6 వచ్చినంత మాత్రాన ప్రళయం అనుకోకూడదు.

నమ్మకూడని స్కాన్లు

బరువు తగ్గించే స్లీవ్, బైపాస్ ఆపరేషన్లు, కడుపులో కొంత తీసేసిన ఆపరేషన్, ఫండోప్లికేషన్ (కడుపు పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ చుట్టే ఆపరేషన్), పెద్ద హయాటస్ హెర్నియా (కడుపు ఛాతీలోకి జారడం) ఉన్నవాళ్లలో అమరిక మారిపోతుంది. యాంట్రం ఖాళీగా కనిపించినా ఛాతీలోకి జారిన సంచిలో ఆహారం ఉండవచ్చు. అకలేసియాలో (అన్నవాహిక కింది కవాటం సరిగా తెరుచుకోని జబ్బు) కడుపు నిజంగానే ఖాళీగా ఉంటుంది, అన్నం మాత్రం అన్నవాహికలో నిలిచి ఉంటుంది. అక్కడ ఈ స్కాన్ తప్పుదారి పట్టిస్తుంది. పొట్టలో నీరు చేరినవాళ్లలో కడుపు బయటి నీటిని లోపలి ద్రవమని పొరబడకుండా గోడ వెంట చుట్టూ చూసుకోవాలి.

ఎంత వెతికినా యాంట్రం దొరక్కపోవడం కూడా ఒక ఫలితమే. ‘కనిపించలేదు’ అంటే ఖాళీ అని కాదు. చరిత్రను బట్టి, అనుమానం ఉంటే నిండు కడుపుగానే నడుచుకోవాలి. 2019లో ఆరోగ్యవంతులకు తినిపించి, తాగించి చేసిన ఒక అధ్యయనంలో సున్నితత్వం (నిండు కడుపును పట్టుకోవడం) 100 శాతం, నిర్దిష్టత (ఖాళీని ఖాళీ అని చెప్పడం) 97.5 శాతం వచ్చింది. సన్నగా, చెప్పినట్టు పక్కకు తిరిగే వలంటీర్లకూ అర్ధరాత్రి క్యాజువాలిటీలో నొప్పితో మెలికలు తిరిగే పేషెంట్‌కూ తేడా ఉంటుందని గుర్తుంచుకుని ఆ అంకెలు చదవాలి.

తెలిశాక ఏం చేయాలి

ఖాళీ, లేదా కిలోకు 1.5 లోపు తేట ద్రవం అయితే అనుకున్న ప్రకారం మత్తు ఇవ్వవచ్చు.

తేట ద్రవం ఎక్కువగా ఉండి, ఆపరేషన్ వాయిదా వేయగలిగినదైతే ఆగండి. ఆరోగ్యవంతుడి కడుపులో నీళ్లు సగం దిగిపోవడానికి 10 నుంచి 20 నిమిషాలు చాలు. గంట తర్వాత మళ్లీ స్కాన్ చేస్తే చాలాసార్లు ఆ రోజే పని అయిపోతుంది. గంట తర్వాతా అంతే ఉంటే ఆ కడుపు కదలట్లేదని అర్థం. ఆగలేని కేసైతే 14–16 ఫ్రెంచ్ సైజు రైల్స్ ట్యూబ్‌తో (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) ద్రవం లాగి, మళ్లీ స్కాన్ చేసి చూడండి. ట్యూబ్‌లో వచ్చింది కొలిస్తే మీ అంచనా ఎంత దగ్గరగా ఉందో కూడా తెలుస్తుంది.

ఘనాహారం ఉండి, అత్యవసరం కాకపోతే వాయిదా. ఇందులో సర్జన్‌తో బేరం అక్కర్లేదు, బొమ్మ చూపించండి. మసక గాజు నీడ ఒకసారి చూసిన సర్జన్ మళ్లీ వాదించడు. అత్యవసరమైతే ట్యూబ్ వేసి ద్రవం వరకు తీయవచ్చు, ముద్దలు రావు. కాబట్టి ట్యూబ్ వేశాం కదా అని ఎల్ఎమ్ఏ (శ్వాసనాళంలోకి దిగకుండా గొంతులోనే కూర్చునే మాస్క్) వైపు మళ్లకూడదు. తల వైపు ఎత్తి, సక్షన్ ఆన్ చేసి దిండు కింద పెట్టుకుని, పూర్తిగా ప్రీఆక్సిజనేషన్ (మత్తుకు ముందే ఆక్సిజన్) ఇచ్చి, సక్సినైల్‌కోలిన్ కిలోకు 1–1.5 మి.గ్రా. లేదా రోకురోనియం 1.2 మి.గ్రా.తో రాపిడ్ సీక్వెన్స్ (మత్తు, కండరాలు వదులు చేసే మందు వెంటవెంటనే ఇచ్చి త్వరగా ట్యూబ్ వేయడం) చేసి, కఫ్ (గాలి బుడగ) ఉన్న ట్యూబ్ శ్వాసనాళంలో వేయాలి. పేగు అడ్డుపడినవాళ్లకు మెటోక్లోప్రమైడ్ (కడుపును త్వరగా ఖాళీ చేయించే మందు) ఇవ్వకూడదు.

చేతికో కాలికో ఆపరేషన్ అయితే బ్లాక్ (నరం దగ్గర ఇచ్చే మత్తు), స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు) మంచి దారులే. కానీ బ్లాక్ సగమే పట్టి, ‘కొంచెం ప్రొపోఫోల్ వేద్దాం’ అనే మాట వచ్చే అవకాశం ఉంటుంది. నిండు కడుపుతో, గొంతులో ట్యూబ్ లేకుండా, గాఢమైన సెడేషన్ అన్నిటికన్నా చెడ్డ కలయిక. బ్లాక్ చాలకపోతే నేరుగా ట్యూబ్ అని మొదలుపెట్టే ముందే టీమ్‌తో చెప్పి ఉంచండి.

వేరే లెక్క ఉన్నవాళ్లు

జీఎల్‌పీ-1 మందులు. టిర్జెపటైడ్ మన దేశంలో 2025 మార్చిలో వచ్చింది, సెమాగ్లుటైడ్ మాత్రగా అంతకుముందే ఉంది. బరువు తగ్గడానికి వాడేవాళ్లు దాన్ని ‘మందు’ కింద చెప్పరు. ‘బరువు తగ్గే ఇంజక్షన్ ఏమైనా తీసుకుంటున్నారా?’ అని విడిగా అడగండి. సెమాగ్లుటైడ్ సగం తగ్గడానికే వారం పడుతుంది కాబట్టి ఒక డోసు మానితే కడుపు మామూలైపోదు. డోసు పెంచుతున్న వారాల్లో, వికారం, కడుపు ఉబ్బరం ఉన్నవాళ్లలో ముప్పు ఎక్కువ. 2024 అక్టోబరులో అమెరికా సంఘాలు కలిసి ఇచ్చిన సూచనల్లో, ముప్పు ఎక్కువున్నవాళ్లకు ముందు 24 గంటలు ద్రవాహారం, ఆపరేషన్ రోజు అనుమానముంటే కడుపు స్కాన్ అని ఉంది. పన్నెండు గంటల పరగడుపు తర్వాతా వీళ్ల కడుపులో అన్నం మెతుకులు కనిపించవచ్చు. స్కాన్ బాగా పనికొచ్చే చోట్లలో ఇది ముందు వరసలో ఉంటుంది.

గర్భిణులు. నెలలు నిండేకొద్దీ యాంట్రం పైకి, కుడికి జరుగుతుంది. 45 డిగ్రీలు లేపి, ఆపై కుడి పక్కకు కొద్దిగా తిప్పి చూడండి. పెద్దవాళ్ల ఫార్ములా వాడకండి. ఘనం ఉందా లేదా అన్నదే ఇక్కడ ముఖ్యం. నొప్పులు మొదలయ్యాక కడుపు మెల్లబడుతుంది. అయితే ఖాళీగా కనిపించినా అన్నవాహిక కింది కవాటం వదులుగానే ఉంటుంది కాబట్టి, సిజేరియన్‌కు జనరల్ మత్తు ఇస్తే రాపిడ్ సీక్వెన్స్ మానే ప్రశ్న లేదు.

పిల్లలు. వాళ్లకు వేరే ఫార్ములా: −7.8 + 3.5 × వైశాల్యం + 0.127 × వయసు నెలల్లో. అయిదేళ్ల, 18 కిలోల బాబుకు వైశాల్యం 4 అయితే సుమారు 14 మి.లీ., కిలోకు 0.8. ఏడుస్తూ గాలి మింగితే ఏమీ కనిపించదు, అమ్మ ఒళ్లో కుడి వైపు వాల్చి, జెల్ వెచ్చచేసి చూడండి.

స్థూలకాయుల్లో యాంట్రం దాదాపు 7 సెం.మీ. లోతున ఉంటుంది, ఖాళీగానే కాస్త పెద్దది. ప్రోబ్‌ను గట్టిగా నొక్కక తప్పదు, కొలిచేటప్పుడు మాత్రం వదులు చేయండి.

నేర్చుకోవడం, రాసిపెట్టడం

సొంతంగా 95 శాతం సరిగ్గా చెప్పడానికి సుమారు 33 స్కాన్లు కావాలని 2013లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. త్వరగా చేయి తిరగాలంటే పేషెంట్ల కోసం ఎదురుచూడకండి. పరగడుపున ఉన్న తోటి పీజీని పడుకోబెట్టి చూడండి, 250 మి.లీ. నీళ్లు తాగించి వెంటనే చూడండి, అరగంట తర్వాత మళ్లీ చూడండి, తర్వాత ఇడ్లీ తినిపించి చూడండి. ఒక్క ఉదయంలో నాలుగు బొమ్మలూ కంటికి పడతాయి.

థియేటర్‌లోకి తెచ్చే అల్ట్రాసౌండ్ మెషీన్ పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ) చట్టం కింద నమోదై ఉండాలి, వాడే డాక్టర్ల పేర్లూ అందులో ఉండాలి. బ్లాకుల కోసం కొన్న మెషీనే అయినా ఇది తప్పదు. గర్భిణికి కడుపు మాత్రమే చూసినా ఫారం ఎఫ్ (ఆ చట్టం కింద గర్భిణి స్కాన్ వివరాలు రాసే ఫారం) విషయంలో మీ జిల్లా అధికారులు ఏమంటారో ముందే కనుక్కుని ఉంచుకోండి.

కేస్‌షీట్‌లో ‘స్టమక్ ఎంప్టీ’ అని రెండు ముక్కలు రాయకండి. ఇలా రాయండి: ‘ఉదయం 8:40, వెల్లకిలా, కుడి పక్క. ఘనం లేదు. కుడి పక్కన తేట ద్రవం, గ్రేడ్ 1. వైశాల్యం 5.6, సుమారు 35 మి.లీ., కిలోకు 0.56.’ సమయం ముఖ్యం, ఎందుకంటే కేసు మధ్యాహ్నానికి జరిగితే ఆలోపు వార్డులో ఎవరో ఒకరు టీ ఇచ్చి ఉండొచ్చు. కడుపు నిండుగా ఉందని రాస్తే అది ట్యూబ్ తీసే డాక్టర్ దాకా చేరాలి. రెండు గంటల ఆపరేషన్‌లో ఆ అన్నం ఎక్కడికీ పోదు. మత్తు ముగిశాక పేషెంట్ కళ్లు తెరిచి, చెప్పిన మాట విని, తనంతట తాను దగ్గేదాకా ఆగి, పక్కకు తిప్పి, సక్షన్ చేతిలో పెట్టుకుని ట్యూబ్ తీయాలి.